కొమ్మ పాతి పూలమొక్క తెచ్చుకోవడం ఎలా

నర్సరీలో డబ్బు పెట్టి కొనే మందారం మొక్క, పక్కింటి గోడ మీంచి వీధిలోకి వంగిన కొమ్మలో ఊరికే ఉంటుంది. నందివర్ధనం, గన్నేరు, నైట్ క్వీన్, కాగితపు పూలు, డిసెంబరాలు, గోరింట, మల్లె కూడా అంతే. అడిగి ఒక జానెడు కొమ్మ తెచ్చుకుంటే చాలు. దొంగతనంగా తెస్తేనే బతుకుతుందని మనీ ప్లాంట్ గురించి చెప్పుకుంటారు గానీ, అడిగి తెచ్చుకుంటే ఒక లాభం ఉంది, ఏ కొమ్మ కావాలో తీరిగ్గా చూసి ఎంచుకోవచ్చు. దొంగ చేతికి అందేది ఎప్పుడూ కొసనున్న లేత చివురే, అది ఎలాగూ బతకదు.

కొమ్మతో వచ్చిన మొక్క అచ్చం తల్లిలాగే పూస్తుంది. అదే రంగు, అదే ముద్ద, అదే వాసన. విత్తనానికి ఆ గ్యారంటీ లేదు. పైగా మన వీధుల్లో కనిపించే కాగితపు పూలలో చాలావాటికి, ముద్ద నందివర్ధనానికి, ముద్ద మందారానికి విత్తనం దొరకడమే అరుదు. ఢిల్లీ కనకాంబరం ఉంది చూడండి, అది ట్రిప్లాయిడ్ మొక్క, అంటే దాని కణాల్లో క్రోమోజోములు రెండేసి బదులు మూడేసి ఉంటాయి, అందుకే దానికి విత్తనం కట్టదు. పూలతోటలు వేసే రైతులు కూడా దాన్ని కొమ్మలతోనే పెంచుతారు. మామూలు నారింజ కనకాంబరానికి ఈ శ్రమ అక్కర్లేదు, ఎండిన కంకి మీద నీళ్లు పడితే చాలు, కాయలు టప్పున పగిలి గింజలు చిమ్ముతాయి.

మరి ఇంత సులువైతే "పాతాను, వారం బాగానే ఉంది, తర్వాత పోయింది" అని అందరూ ఎందుకంటారు? వేర్లు లేని కొమ్మను మొక్క అనుకోవడం వల్ల. మొక్కకు పెట్టినట్టే దానికీ ఎండ పెడతారు, ఎరువు వేస్తారు, రోజూ చెంబుడు నీళ్లు పోస్తారు. కొమ్మను కోసిన క్షణం నుంచి దానికి నీళ్లు తాగే దారి దాదాపు మూసుకుపోతుంది, కానీ ఆకులు మాత్రం ఆవిరి వదులుతూనే ఉంటాయి. లోపల ఉన్న కాస్త నీరూ అయిపోయేలోగా వేరు రాకపోతే ఎండిపోయి చస్తుంది. ఎండిపోతుందేమోనని మనం మట్టిని బురద చేస్తే మొదలు కుళ్లి చస్తుంది. ఈ రెండు చావుల మధ్య కొమ్మను నెలా రెండు నెలలు నిలబెట్టడమే మొత్తం పని. తేమ ఆకుల చుట్టూ ఉన్న గాలిలో ఉండాలి, మట్టిలో కాస్త చెమ్మ చాలు. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేదే.

ఎప్పుడు పాతాలి

మనకు వానాకాలమే మంచిది. జూన్ చివర్లో నాలుగు వానలు పడి ఎండ చల్లబడ్డాక మొదలుపెట్టి సెప్టెంబరు దాకా ఎప్పుడైనా పాతుకోవచ్చు. ఆ రోజుల్లో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి సగం పని వాతావరణమే చేసిపెడుతుంది. ఆషాఢంలో గోరింటాకు కోసం ఎలాగూ కొమ్మలు విరుస్తారు, ఆకు దూసిన పుల్లలు పారేయకుండా వాటిల్లో లావైనవి పాతేయండి, చక్కగా నాటుకుంటాయి.

నెల్లూరు వైపు వాళ్లకు లెక్క వేరు. అక్కడ వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, కాబట్టి జూలైలో ఎండ ఇంకా మాడుస్తుంటే ఆగడమే మంచిది. హైదరాబాద్‌లోనూ, తెలంగాణలో మిగతా చోట్లా డిసెంబరు, జనవరి రాత్రులు చల్లగా ఉంటాయి, మందారం లాంటివి అప్పుడు పాతితే చావవు గానీ కదలకుండా కూర్చుంటాయి. గులాబీకి మాత్రం ఆ చలికాలమే అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో ఏదీ పాతకండి. తప్పనిసరి అయితే, ఎవరో ఇల్లు కూలగొడుతున్నారు, అందులో పాత మల్లె పొద ఉంది, మళ్లీ దొరకదు అన్న పరిస్థితి అయితే, అప్పుడు ఇంటి లోపల కవరు కప్పి ప్రయత్నించండి.

ఏ కొమ్మ

వేర్లు రప్పించే హార్మోన్ పొడి కన్నా, మట్టి కన్నా, కొమ్మ ఎంపిక ముఖ్యం. చాలామంది దీన్నే పట్టించుకోరు.

కొమ్మను వేళ్లతో పట్టుకుని వంచి చూడండి. తాడులా ఎటు వంచితే అటు తిరిగితే అది మరీ లేత, రెండు రోజుల్లో తలవాల్చేస్తుంది. అసలు వంగకుండా గట్టిగా, పైన బెరడు గరుకుగా ఉంటే మరీ ముదురు, వేరు రావడానికి చాలా కాలం తీసుకుంటుంది, కొన్నిటికి రాదు కూడా. కాస్త వంగి ఫట్‌మని విరిగేదే కావలసింది. ఆకుపచ్చ రంగు గోధుమరంగులోకి మారుతున్న భాగం అది. మందారం, నందివర్ధనం, ఇక్సోరా (నూరు వరహాలు), గన్నేరు లాంటివాటికి ఇదే సరైన దశ. కాగితపు పూలకు, గోరింటకు ఇంకొంచెం ముదిరిన పుల్ల కావాలి. కనకాంబరానికి, డిసెంబరాలకు కొసకొమ్మలే చాలు, కొంచెం లేతగా ఉన్నా ఫర్వాలేదు.

లావు పెన్సిల్ అంత ఉంటే బాగుంటుంది, పుల్లల్లాంటి సన్నకొమ్మల్లో తిండి నిల్వ ఉండదు. పూలతోనూ మొగ్గలతోనూ నిండిన కొమ్మను చూసి ముచ్చటపడి తెచ్చుకోకండి, ఉన్న శక్తంతా పూలకే పోతుంది. మొగ్గల్లేని కొమ్మ దొరక్కపోతే మొగ్గలన్నీ గిల్లేయండి. ఆకుల కింద తిప్పి చూడండి. మందారానికి కణుపుల దగ్గర తెల్లటి పిండినల్లి దాక్కుని ఉంటుంది, ఒక్క కొమ్మతో ఇంట్లోకి వచ్చి మొత్తం కుండీలకు అంటుకుంటుంది. ముడుచుకున్న ఆకులు, పసుపు మచ్చలు ఉన్న మొక్క జోలికి పోకండి, అది వైరస్ తెగులు అయితే కొమ్మతో పాటే వస్తుంది, తర్వాత ఏ మందూ పనిచేయదు.

రెండు రంగులు పూసే కాగితపు పూల మొక్క ఉంటే, మేరీ పామర్ అనే పాత రకం అలాంటిదే, ఒకే చెట్టుకు తెలుపూ ముదురు గులాబీ రెండూ ఉంటాయి, అలాంటప్పుడు మీకు ఏది కావాలో అది కళ్లారా చూసిన కొమ్మ నుంచే తీసుకోండి.

కోయడం పొద్దున్నే చేయాలి. రాత్రంతా నీళ్లు తాగి కొమ్మ నిండుగా ఉంటుంది. మధ్యాహ్నం కోసిన కొమ్మ అప్పటికే సగం దాహంతో ఉంటుంది. ఊరి నుంచి బస్సులో తేవాలంటే తడిపి పిండిన న్యూస్‌పేపర్లో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి, ఎండ తగలని చోట పెట్టుకోండి. నీళ్ల సీసాలో ముంచి తేవక్కర్లేదు. మర్నాటి దాకా బాగానే ఉంటుంది.

కోత

ఆరు అంగుళాల ముక్క, మూడు నాలుగు కణుపులు ఉండేలా. ఆకు కొమ్మకు అతుక్కుని ఉండే ఆ ఉబ్బెత్తు చోటే కణుపు. చాలా మొక్కలకు వేర్లు త్వరగా వచ్చేది అక్కడి నుంచే, కాబట్టి కింది కోత కణుపుకు సరిగ్గా కింద, పావంగుళం దూరంలో పడాలి. రెండు కణుపుల మధ్య కోస్తే కింద మిగిలిన తోక ఊరికే కుళ్లుతుంది. పై కోత కణుపుకు కొంచెం పైన.

కిందిది ఏటవాలుగా, పైది అడ్డంగా తిన్నగా కోయండి. ఏటవాలు కోతలో ఏదో మహత్యం ఉందని కాదు, ఆకులన్నీ తీసేశాక ఏది తలో ఏది మొదలో తెలియకపోవడం చాలా మామూలు, ముఖ్యంగా ఒకేసారి పది పుల్లలు కోసినప్పుడు. తలకిందులుగా పాతితే చాలా రకాలు రావు. ఎందుకంటే వేరును పుట్టించే ఆక్సిన్ అనే హార్మోన్ చివుళ్లలో తయారై కొమ్మలో ఎప్పుడూ కొస నుంచి మొదలు వైపే నడుస్తుంది, మనం కొమ్మను తిప్పేసినా దాని దారి మారదు.

పదునైన కత్తెర కావాలి, మొక్కలు కత్తిరించే కటర్ ఉంటే మంచిది. మొద్దు చాకుతో కోస్తే కొస నలుగుతుంది, నలిగిన చోటు నుంచే కుళ్లు మొదలవుతుంది. కత్తెరను వేణ్ణీళ్లతో కడిగి కాస్త శానిటైజర్ రాస్తే చాలు.

కింది సగం ఆకులన్నీ తీసేయండి. పైన రెండు మూడు ఉంచండి, అవి పెద్దవైతే ఒక్కోదాన్ని సగానికి అడ్డంగా కత్తిరించండి. ఆకు ఉంటే తిండి తయారవుతుంది, ఎక్కువుంటే నీరు పోతుంది, సగం ఆకు అంటే ఆ రెండింటి మధ్య బేరం. కాగితపు పూలు, గోరింట ముదురు పుల్లలకు, చలికాలం గులాబీ పుల్లలకు ఆకులు లేకపోయినా ఫర్వాలేదు.

గన్నేరు, నందివర్ధనం, దేవగన్నేరు కోస్తే పాలు కారతాయి. కాసేపు ఆరనిచ్చి తుడిచేయండి. గన్నేరులో ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే, కోసిన చేతులు సబ్బుతో కడుక్కోండి, కత్తిరించిన ఆకులు పశువులు తినే చోటా పిల్లలు ఆడుకునే చోటా పడేయకండి, ఆ పుల్లలు పొయ్యిలోనూ పెట్టకండి.

మట్టి కాదు, ఇసుక

నర్సరీ నుంచి తెచ్చిన పోషకాల మట్టి, వర్మీకంపోస్టు, పశువుల ఎరువు ఇవన్నీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వేరే లేనప్పుడు పోషకం తీసుకునేది ఎవరు? ఎరువులో ఉన్న సూక్ష్మజీవులకు మాత్రం కోసిన కొస మంచి విందు. కడిగిన ముతక ఇసుక సగం, తడిపి పిండిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సగం, అంతే. కోకోపీట్‌లో ఒక్కోసారి ఉప్పు ఉంటుంది, రెండు మూడు సార్లు నీళ్లలో నానబెట్టి పిండి పారేసి వాడండి. సముద్రపు ఇసుక వద్దే వద్దు. కోకోపీట్ లేకపోతే ఒట్టి ఇసుక అయినా సరిపోతుంది, కాకపోతే తొందరగా ఆరిపోతుంది కాబట్టి రోజూ చూసుకోవాలి. ఎర్రమట్టిలో పాతేట్టయితే కనీసం సగం ఇసుక కలపండి. నల్లరేగడి ఒక్కటే అయితే ఆశ వదులుకోండి.

తడి సరిపోయిందా లేదా అన్నదానికి పరీక్ష, గుప్పెడు తీసుకుని గట్టిగా పిండితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు.

పెద్ద కుండీ వద్దు, దాంట్లో నీరు నిలిచిపోతుంది. నర్సరీ నల్ల కవర్లు, పెరుగు డబ్బాలు, పేపర్ కప్పులు ఏవైనా సరే, అడుగున మూడు నాలుగు చిల్లులు ఉంటే చాలు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గ్లాసు అయితే వేరు వచ్చిందో లేదో బయటికే కనిపిస్తుంది, కొమ్మను లాగి చూసే దురద తగ్గుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఈ గ్లాసే.

ముందు ఒక పుల్లతో గుంట చేసి అప్పుడు కొమ్మ దించండి. కొమ్మనే నేరుగా గుచ్చితే రాసిన హార్మోన్ పొడి అంతా పైనే రాలిపోతుంది, కొస కూడా నలుగుతుంది. రెండు కణుపులు లోపలికి పోవాలి. చుట్టూ వేళ్లతో గట్టిగా అదిమి, ఒక్కసారి నీళ్లు పోసి, అడుగున కారిపోనివ్వండి. ఆ తర్వాత కొన్నాళ్ల దాకా నీళ్ల పని దాదాపు ఉండదు.

హార్మోన్, తేనె, కలబంద, బంగాళాదుంప

విత్తనాలూ ఎరువులూ అమ్మే షాపుల్లో రూటింగ్ హార్మోన్ అని చిన్న డబ్బాలో తెల్లటి పొడి దొరుకుతుంది. అందులో ఎక్కువగా ఉండేది ఇండోల్ బ్యూటిరిక్ యాసిడ్, ఐబీఏ అంటారు, ఆక్సిన్ జాతిదే. 1930 దశకం నుంచి ప్రపంచమంతా నర్సరీల్లో వాడుతున్నారు, నిజంగా పనిచేస్తుంది. కానీ అందరికీ అవసరం లేదు. నాటు మందారం, నందివర్ధనం, గన్నేరు, నైట్ క్వీన్, డిసెంబరాలు ఇవి పొడి లేకుండానే వస్తాయి. కాగితపు పూలు, ఇక్సోరా, గులాబీ, హైబ్రిడ్ మందారం, వీటికి వాడితే తేడా తెలుస్తుంది. కింది అంగుళం తడిపి, పొడిలో అద్ది, అంచుకు కొట్టి ఎక్కువైంది రాల్చేయండి. ఎక్కువ రాస్తే ఎక్కువ వేర్లు రావు, కొస మాడుతుంది. డబ్బాలోనే ముంచకండి, కొంచెం వేరే కాగితం మీద వేసుకుని వాడి, మిగిలింది పారేయండి. ఏళ్ల తరబడి ఎండలో ఉన్న డబ్బా అయితే అందులో సత్తువ ఏమీ మిగలదు.

ఇక వీడియోల్లో చూపించే వంటింటి వైద్యాలు. కలబంద గుజ్జు రాస్తే నష్టం లేదు, రాసుకోండి. పసుపు అద్దితే బూజును కాస్త ఆపుతుందేమో, వేరు మాత్రం పుట్టించదు. తేనె కూడా అంతే. కొబ్బరి నీళ్లలో ముంచమంటారు, అది సరైన సలహా కాదు, అందులో ఉండే సైటోకైనిన్లు అనే హార్మోన్లు చిగురు వైపు పనిచేసేవి, పైగా చక్కెర ఉంటుంది కాబట్టి కుళ్లును పిలిచినట్టే. గులాబీ పుల్లను బంగాళాదుంపలో గుచ్చి పాతడం, అరటిపండులో గుచ్చడం, ఇవి చూడ్డానికి బాగుంటాయి, లోపల దుంప కుళ్లి, దానితో పాటు పుల్లా కుళ్లుతుంది. కూర వండుకోండి, మేలు.

కవరు కప్పడం

నిజంగా తేడా తెచ్చేది ఇదే, పైసా ఖర్చు లేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసేసి గ్లాసు మీద బోర్లించండి, లేదా ఒక ప్లాస్టిక్ కవరు తీసుకుని, ఆకులకు తగలకుండా రెండు పుల్లలు గుచ్చి పైన తొడిగి రబ్బరు బ్యాండు వేయండి. లోపల ఆవిరి పట్టి బొట్లు బొట్లుగా కనిపించాలి. రోజుకోసారి ఐదు నిమిషాలు తీసి గాలి తగలనిచ్చి మళ్లీ పెట్టేయండి. సీసా అయితే మూత తీసి పెట్టడం చాలు.

వెలుతురు ఉండాలి, ఎండ పడకూడదు. చెట్టు కింద, ఉత్తరం వైపు గోడ పక్కన, గ్రీన్ నెట్ కింద, బాల్కనీలో లోపలి మూల, ఇలాంటివి. కవరు కప్పిన కొమ్మ మీద పొద్దున్న పదింటి ఎండ ఒక్క గంట పడితే లోపల ఉడికిపోతుంది. అలాగని గదిలో చీకటి మూలలో పెట్టినా లాభం లేదు.

రాజమండ్రి దగ్గర కడియం వైపు వెళ్తే, కడియపులంక చుట్టుపక్కల నర్సరీల్లో నల్ల కవర్లలో కొమ్మలు గుచ్చి నీడ వలల కింద వరసలుగా పేర్చి ఉంటాయి. గోదావరి కాలవల పక్కన గాలిలోనే తేమ ఉంటుంది. కోస్తాలో ఉండేవాళ్లు వానాకాలంలో కవరు లేకుండా కూడా నెట్టుకురావచ్చు. అనంతపురంలో, హైదరాబాద్‌లో మేడ మీద ఉండేవాళ్లు మాత్రం కవరు మానొద్దు.

ఎదురుచూపు

పది రోజులకు కొత్త చిగురు కనబడుతుంది. ఇక్కడే అందరూ పొరపాటు పడతారు, బతికేసిందని కవరు తీసి ఎండలో పెడతారు, మూడో రోజుకు వాడిపోతుంది. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న తిండితో వచ్చింది, కింద వేరు ఉందనడానికి సాక్ష్యం కాదు. మొదట కోసిన చోట తెల్లటి గడ్డలాంటిది కడుతుంది, అది గాయం మానడం, అదీ వేరు కాదు.

లాగి చూడకండి. అప్పుడే పుట్టిన వేరు వెంట్రుక కన్నా పెళుసు. గ్లాసు గోడకు తెల్లగా వేర్లు ఆనేదాకా, లేదా కవరు అడుగు చిల్లులోంచి తొంగిచూసేదాకా ఆగండి. మందారం, నందివర్ధనం నెల నుంచి నెలన్నర, ఇక్సోరా, కాగితపు పూలు రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పుల్ల ఆకులన్నీ రాల్చేసి మోడుగా నిలబడితే కూడా పారేయకండి, గోటితో బెరడు కొద్దిగా గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. నల్లగా, మెత్తగా అయిందంటే పోయినట్టే, పక్కవాటికి అంటకముందే తీసేయండి.

నీళ్లు పైపొర పొడిగా కనిపించినప్పుడు మాత్రమే, అదీ స్ప్రే సీసాతో. బూజు కనబడితే కవరు ఒక పూట తీసేసి ఆరనివ్వండి. ఒకేసారి పది కొమ్మలు పెడితే కొన్ని పోవడం మామూలే, అందుకే కావలసిన దానికి రెండింతలు మూడింతలు పాతుకోండి, ఎక్కువైతే అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

సీసాలో నీళ్లలో పెడితే రాదా అని అడుగుతారు. గన్నేరు, నైట్ క్వీన్ హాయిగా వస్తాయి, మందారం కూడా చాలాసార్లు వస్తుంది. రెండు కణుపులు మునిగేలా పెట్టి, ఆకులు నీళ్లలో మునగకుండా చూసుకుని, రెండ్రోజులకోసారి నీళ్లు మార్చండి. మార్చకపోతే కుళ్లడం ఒక ఇబ్బంది, దోమలు గుడ్లు పెట్టడం ఇంకో ఇబ్బంది, డెంగీ దోమకు ఇలాంటి తేటనీళ్ల సీసాలే ఇష్టం. వేర్లు అంగుళం రాగానే ఇసుకలోకి మార్చేయండి. బారెడు పెరగనిస్తే ఆ నీటివేర్లు మట్టికి అలవాటు పడలేక మొక్క మళ్లీ వాలిపోతుంది.

ఒక్కో మొక్క గురించి

మందారంలో నాటు ఎర్రది చాలా సులువు. నర్సరీల్లో అమ్మే పళ్లెమంత పూలు పూసే హైబ్రిడ్‌లు మొండివి, వాటిలో చాలావాటిని నాటు మందారం మీద అంటుకట్టి అమ్ముతారు. ముందు నాటుదానితో చేయి తిప్పుకోండి.

మల్లెకు కొమ్మ కోయనవసరమే లేదు. పొద కింద నేలకు దగ్గరగా ఉన్న తీగ ఒకటి వంచి, ఒక కణుపు దగ్గర బెరడు కొద్దిగా గీసి, అక్కడ మట్టిలో పూడ్చి, పైన ఒక రాయి పెట్టండి. కొస మాత్రం బయటికి నిలబడాలి. తల్లి నుంచి నీరూ తిండీ అందుతూనే ఉంటాయి కాబట్టి ఎండిపోయే భయం లేదు. వానాకాలంలో రెండు మూడు నెలల్లో వేరు పోసుకుంటుంది, అప్పుడు తల్లి వైపు కోసి తవ్వి తీసుకోవడమే. నేల అంటు అంటారు దీన్ని. జాజులకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. మల్లె ఉన్నవాళ్లు నేరుగా ఇదే చేయండి, కొమ్మ గుచ్చి ఎదురుచూడటం కన్నా ఎంతో నయం.

కాగితపు పూలకు ముదురు పుల్ల, హార్మోన్, ఓపిక. వేరు వచ్చాక కూడా అది చాలా పెళుసు, కవరు మార్చేటప్పుడు మట్టి విడిపోతే తెగిపోతాయి. అందుకే ఒక్కో పుల్లను ఒక్కో కవరులో వేసి, మార్చేటప్పుడు కవరును బ్లేడుతో చీల్చి ముద్దను ముద్దగా దించాలి. ఆకుల్లో రెండు రంగులు ఉన్న రకాలు ఇంకా నిదానం.

దేవగన్నేరు పద్ధతి మిగతా అన్నిటికీ వ్యతిరేకం. అడుగు పొడవున్న లావు కొమ్మ తీసుకుని, ఆకులన్నీ తీసేసి, పాతకుండా వారం పది రోజులు నీడలో పడేయండి. కోసిన చోట పాలు ఆరి గట్టిపడాలి. తర్వాత దాదాపు పొడి ఇసుకలో పాతి, చిగురు కదిలేదాకా నీళ్లు చాలా కొద్దిగా పోయండి. దీనికి కవరు కప్పకండి, కుళ్లిపోతుంది.

గులాబీలో ఊళ్లలో ఇళ్ల ముందు గుత్తులుగా పూసే నాటు రకాలు కొమ్మకు వస్తాయి. చలికాలం మొదట్లో కత్తిరింపులు చేసినప్పుడు పూసి అయిపోయిన కొమ్మల నుంచి పెన్సిల్ లావు ముక్కలు తీసుకోండి. పై కోత నుంచి నల్లబడుతూ కిందికి దిగడం గులాబీ రోగం, అందుకని పైన కొవ్వొత్తి మైనం చుక్క వేయండి. మునగ కొమ్మ పాతినప్పుడు పైన పేడముద్ద పెట్టడం చూసే ఉంటారు, అదీ ఇందుకే. బొకేల్లో వచ్చే పొడుగు కాడ గులాబీలను మాత్రం పాతకండి. అవి ఎన్ని రోజుల కిందట కోసినవో తెలియదు, ఒకవేళ వేరు వచ్చినా సొంత వేరు మీద నీరసంగా ఉంటాయి. అలాంటి రకాలను నర్సరీవాళ్లు మొండి గులాబీ మొక్క మీద మొగ్గంటు కట్టి అమ్మేది ఊరికే కాదు.

కనకాంబరానికి పాత తోట మట్టి వాడకండి, వేర్లను పట్టే నులిపురుగులకు అది తేలిగ్గా లొంగుతుంది. కొత్త ఇసుక, కొత్త కోకోపీట్.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లలకు ఇంటి మల్లె కొమ్మ సూట్‌కేసులో పెట్టి పంపాలనుకునేవాళ్లు చాలామంది. అనుమతి పత్రాలు లేకుండా అది కుదరదు, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, చెప్పకుండా తీసుకెళ్తే జరిమానా కూడా పడొచ్చు. అక్కడి నర్సరీల్లోనే మల్లె, మందారం దొరుకుతాయి. చలి దేశాల్లో ఉండేవాళ్లు వేసవి చివర్లోనే రెండు మూడు కొమ్మలు పాతి కిటికీ దగ్గర ఇంట్లో పెట్టుకుంటే, మంచుకు బయటి మొక్క పోయినా పిలక మిగులుతుంది.

వేరు వచ్చాక

ముందు కవరుకు రోజూ కొంచెం ఎక్కువసేపు సెలవివ్వండి. అలా వారం పది రోజులు చేసి పూర్తిగా తీసేయండి. ఆ తర్వాతే చిన్న కుండీ, అందులో ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన ఎరువు మూడూ సమంగా. మార్చిన వారం నీడలోనే ఉంచి, తర్వాత పొద్దుటి ఎండకు, ఆ తర్వాత పూర్తి ఎండకు తీసుకెళ్లండి. రెండు నెలలు రసాయన ఎరువులు వద్దు. మొదటి మొగ్గలు గిల్లేయడానికి మనసొప్పదు, కానీ గిల్లాలి. అరడుగు ఎదిగాక కొస కూడా తుంచితే పక్కల నుంచి కొమ్మలు వేసి గుబురుగా పెరుగుతుంది, లేకపోతే ఒంటి పుల్లలా ఆకాశానికి పోతుంది.

కొమ్మతో పెట్టుకోకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. పారిజాతానికి చెట్టు కింద రాలిన గింజలు ఏరి వేసుకోవడమే హాయి. సంపంగి కొమ్మలకు వేర్లు రావడం చాలా కష్టం, అంటు మొక్క కొనేయండి, గింజ మొక్క అయితే పూతకు ఏళ్లు పడుతుంది. ఇక్సోరా, హైబ్రిడ్ మందారం ఎన్నిసార్లు పాతినా పోతుంటే గాలి అంటు ప్రయత్నించండి. చెట్టు మీదే పెన్సిల్ లావు కొమ్మకు అంగుళం మేర బెరడు చుట్టూ ఒలిచి, జిగురుపొర కూడా గీకేసి, ఒలిచిన చోటి పైఅంచుకు హార్మోన్ రాసి, తడి కోకోపీట్ గుప్పెడు చుట్టి, ప్లాస్టిక్ కాగితంతో రెండు వైపులా గట్టిగా కట్టేయండి. కాగితంలోంచి వేర్లు గోధుమరంగుకు తిరిగి కనిపించినప్పుడు ఆ ముద్దకు కింద కోసి, కాగితం విప్పి, ముద్ద కదపకుండా కుండీలో పెట్టి, వారం రోజులు నీడలో ఉంచండి.